కొండపల్లెలో పరదేశి కాపురం

నిఘంటువును కొన్నవారెవరూ దాని ముఖపత్రాన్ని చదవరు. కావలసిన మాట ఏ పుటలో ఉన్నదో వెతుక్కొని, అర్థం చూసుకొని, మూసి పెట్టేస్తారు. నా అలవాటూ అదే. కాని 1834లో కలకత్తాలో, బాప్టిస్టు మిషన్ ముద్రణాలయంలో అచ్చయిన టిబెటన్-ఇంగ్లీషు నిఘంటువు ముఖపత్రం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అక్కడ గ్రంథకర్త పేరుకంటె ముందు మరొకరి పేరున్నది. జంస్కారు దేశపు పండితుడు, లామా సంగ్యే ఫుంత్సోగు సహాయంతో సిద్ధమైనదని మొదట చెప్పి, ఆ తరువాతనే కర్త పేరు చెప్పారు. ఆయన అలెగ్జాండర్ చోమా, ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చిన హంగేరీవాడు. ఆ క్రింద ఇంకొక సంగతి: భారతదేశానికీ టిబెట్టుకూ పొలిమేరలో, హిమాలయ పర్వతాలలో, కనం అనే ఊళ్ళో 1827 నుంచి 1830 దాకా కాపురమున్న కాలంలో ఈ పని జరిగిందని.

పుస్తకం పుట్టిన ఊరునూ, అక్కడ కాపురమున్న ఏళ్ళనూ ముఖపత్రానికెక్కించిన నిఘంటువు నాకు తెలిసినంతలో మరొకటి లేదు. ఆ కాపురం ఎలాంటిది? ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, అద్దె ఎంత, ఎవరితో ఏ భాషలో మాట్లాడాడు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరకడం మన అదృష్టం. ఆ ఊరికి వెళ్ళి చూసి వచ్చిన ఒక వైద్యుడు ఒక పెద్ద ఉత్తరం వ్రాశాడు. తరువాతి కాలంలో థియోడోర్ డ్యూకా అనే మరొక హంగేరీ వైద్యుడు, బెంగాల్ సైన్యంలో పనిచేసినవాడు, చోమా ఉత్తరాలనూ ఆయన గురించి ఇతరులు వ్రాసినవాటినీ పోగుచేసి 1885లో జీవితచరిత్రగా వెలువరించాడు.

ముందు పేరు సంగతి. హంగేరీ భాషలో ఆయన కొరోషి చోమా షాందోర్. హంగేరీవాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు తరువాత చెబుతారు. చోమా ఇంటిపేరు, షాందోర్ సొంతపేరు, కొరోషి అంటే కొరోష్ ఊరివాడని. ఊరిపేరూ ఇంటిపేరూ సొంతపేరూ ఇదే వరుసలో నడిచే పేరు యూరపులో తగిలితే తెలుగువాడికి కొంచెం ముచ్చటగానే ఉంటుంది. ఆ కొరోష్ ఇప్పుడు రొమేనియా దేశంలో ఉన్నది. చోమా అక్కడ 1784లో పుట్టాడు. నాజ్యెన్యెద్ కళాశాలలోనూ, జర్మనీలోని గోటింగెన్‌లోనూ చదివాడు. తన జాతివారు మధ్య ఆసియాలో ఎక్కడినుంచో వచ్చారనీ, ఆ తావు వెతికి పట్టుకోవాలనీ పట్టుదల. 1819 నవంబరులో ఇల్లు విడిచి బయలుదేరాడు. ఓడలలో కొంత, బిడారులతో కొంత, కాలినడకన చాలా. అలెగ్జాండ్రియా, అలెప్పో, బాగ్దాదు, టెహరాను, మషాదు, బుఖారా, కాబూలు, లాహోరు దాటి 1822లో లే పట్టణం చేరాడు. దారిలో ఆర్మీనియా వేషం, సికందర్ బేగ్ అనే పేరు.

తమ భాషకు బంధువులను వెతుక్కుంటూ సుమేరుదాకా పోయినవారు మనలోనూ ఉన్నారు. అయితే వారెవరూ నడిచి పోలేదు. చోమా నడిచి పోయాడు. హంగేరీ భాషకు దగ్గరి చుట్టాలు పశ్చిమ సైబీరియాలోని ఖంతీ, మాన్సీ భాషలని ఇవాళ భాషాశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. టిబెటన్‌తో ఆ భాషకు ఏ సంబంధమూ లేదు. వెతికినది దొరకలేదు కనుక ఆయన జీవితం వృథా అనేవారున్నారు. దారిలో దొరికినదానిని ఆయన ఎలా చూసుకున్నాడన్నదే నాకు ఆసక్తి.

లే నుంచి యార్కందు వెళ్ళడం కుదరక వెనుదిరిగి వస్తూండగా, 1822 జులైలో ద్రాస్ దగ్గర విలియం మూర్‌క్రాఫ్ట్ ఎదురుపడ్డాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ వారి గుర్రాలశాలల అధికారి, పశువైద్యుడు, గొప్ప సంచారి. రోములో 1762లో లాటిను భాషలో అచ్చయిన టిబెటన్ అక్షరాల పుస్తకం ఆయన దగ్గర ఉన్నది. అది చోమా చేతికిచ్చాడు. టిబెటన్ నేర్చుకొని నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేస్తే కంపెనీకి ఉపయోగం, ఆ భాషలోని గ్రంథాలలో మధ్య ఆసియా జాతుల సంగతులు ఉండవచ్చు గనుక చోమాకూ ఉపయోగం. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. కంపెనీకి వర్తకమూ రాజకీయమూ మనసులో లేవని నేను అనను. ఉన్ని వర్తకం మీదా, ఉత్తరాన రష్యా కదలికల మీదా మూర్‌క్రాఫ్ట్‌కు ఎప్పుడూ కన్నుండేది. కాని ఆ ఒప్పందంలో కష్టపడవలసిన వంతు మాత్రం చోమాది.

1823 జూన్‌లో జంస్కారు చేరాడు. ఇప్పటి లదాఖ్‌లో భాగమది. చలికాలంలో కనుమలన్నీ మంచుతో మూసుకుపోతాయి. అక్కడ జంగ్లా అనే ఊళ్ళో పదహారు నెలలున్నాడు. అక్కడే సంగ్యే ఫుంత్సోగు గురువుగా దొరికాడు. అప్పటికి యాభై దాటిన మనిషి. వైద్యమూ జ్యోతిషమూ తెలిసినవాడు, టిబెట్టు దేశాలు తిరిగి వచ్చినవాడు.

ఆ చలికాలం ఎలా గడిచిందో వైద్యుడి ఉత్తరంలో ఉన్నది. తొమ్మిదడుగులకు తొమ్మిదడుగుల గది. అందులో మూడు నాలుగు నెలలు ముగ్గురు మనుషులు: చోమా, లామా, ఒక పనివాడు. బయట మంచు, గడప దాటే వీలు లేదు. ఫారెన్‌హీట్ కొలతలో సున్నాకు దిగువ చలి. అంటే మన లెక్కలో మైనస్ పద్దెనిమిది కంటె తక్కువ. గదిలో నిప్పు లేదు. జంస్కారులో చెట్లు అరుదు, ఎండిన పేడే వంటచెరుకు, దానిని చలి కాచుకోవడానికి తగలేస్తే వంటకు మిగలదు. చీకటి పడితే దీపం లేదు. పడక నేలమీదనే. గొర్రెతోలు అంగీ కప్పుకొని, చేతులు లోపలికి ముడుచుకొని, ప్రొద్దుటినుంచి సాయంకాలందాకా చదువు. ఆ తోలులోనుంచి చేయి బయటికి తీసి ఆకు త్రిప్పడమే ఒక శిక్ష.

ఇక్కడ టిబెటన్ పుస్తకం రూపం తలచుకోవాలి. మన తాళపత్ర గ్రంథమే దాని పూర్వరూపం. తాటాకులు పోయి కాగితం వచ్చినా వాళ్ళు ఆ నిడుపాటి ఆకారాన్ని విడవలేదు. కుట్టులేని పొడుగాటి ఆకులు, పైనా క్రిందా చెక్కపలకలు, చుట్టూ గుడ్డ. ఒక ఆకు త్రిప్పాలంటే ఒక వ్రేలు చాలదు, రెండు చేతులూ బయటికి రావాలి. రోజుకు ఎన్ని ఆకులు త్రిప్పి ఉంటాడో, ఎన్నిసార్లు చేతులు బయటికి తీసి ఉంటాడో!

చోమా గురించి వ్రాసినవారందరూ ఈ గది దగ్గరికి వచ్చేసరికి ఆయనను తపస్విని చేసి కూర్చోబెడతారు. ఆ మాటతో నాకు పేచీ ఉన్నది. గదిలో ముగ్గురున్నారు గదా! చలి ముగ్గురికీ ఒకటే. లామా సొంత యిల్లూ సంసారమూ ఉన్నవాడు. నాలుగు నెలలు ఈ పరదేశితో గదిలో ముడుచుకొని కూర్చొని, ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పవలసిన అవసరం ఆయనకేమున్నది? ఇక ఆ పనివాడు. టీ కాచినవాడు అతడే అయి ఉండాలి. అతని పేరు ఎవరూ వ్రాయలేదు. తపస్సు ఒకడే చేసుకొనేది. నిఘంటువు అలా పుట్టదు. మాట చెప్పేవాడొకడు, వినేవాడొకడు, ఇద్దరికీ కడుపు నింపేవాడొకడు ఉండితీరాలి.

1824 అక్టోబరులో చోమా జంస్కారు విడిచి దిగి వచ్చాడు. కొండ క్రింద కులూ ప్రాంతంలో చలికాలం గడుపుదామనీ, లామా వెనకే వస్తాడనీ అనుకున్నారు. లామా రాలేదు. కనుమలు మూసుకున్నాయి. చోమా ఒంటరిగా నవంబరు 26న సబాథూ చేరాడు. అది సిమ్లా దగ్గరి కంపెనీ దండు. ఆర్మీనియా వేషంలో, టిబెట్టు వైపునుంచి, ఏ ప్రభుత్వ పత్రమూ లేకుండా దిగి వచ్చిన యూరపు మనిషిని చూసి అక్కడి అధికారి కెప్టెన్ కెనడీ గూఢచారేమోనని ఆపి ఉంచి పైకి వ్రాశాడు. నీవెవరు, ఎందుకు వచ్చావు అని అడిగారు. 1825 జనవరిలో చోమా తన జీవితమంతా వ్రాసి ఇచ్చిన ఉత్తరం ఆ సంజాయిషీయే. ఆయన బాల్యం గురించీ ప్రయాణం గురించీ మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ కాగితాలలోనిదే. పోలీసు అనుమానం వల్ల ఒక ఆత్మకథ పుట్టింది!

అనుమానం తీరింది. నెలకు యాభై రూపాయలు మంజూరైనాయి. ఆ ఏడాది మళ్ళీ జంస్కారు వెళ్ళి, ఫుక్తల్ మఠంలో ఏడాదికి పైగా గడిపాడు. కొండ కొమ్మున తేనెపట్టులా వ్రేలాడే మఠమది, ఇవాళ ఫొటోలలో అందరూ చూస్తున్నదే. ఆ విడత బాగా సాగలేదు. లామా తన సొంత పనులలో ఉండి తగినంత సమయం ఇవ్వలేదని చోమా బాధపడ్డాడు. 1827లో సబాథూ వస్తే, శ్రీరాంపురం మిషన్‌వారు 1826లోనే ఒక టిబెటన్ నిఘంటువు అచ్చు వేశారనే వార్త ఎదురు చూస్తున్నది. దానినిండా తప్పులున్నాయని తెలిసేదాకా ఆయన మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రభుత్వం మరి మూడేళ్ళు గడువిచ్చింది. అప్పుడే కనం వెళ్ళాడు.

కనం ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో, సట్లెజ్ లోయకు పైన ఉన్నది. అప్పుడది బషహరు సంస్థానం. జంగ్లాతో పోలిస్తే స్వర్గమే. ఆ వైపు ఖుబానీ చెట్లు, ద్రాక్షతీగలు, గింజలు తినే దేవదారు జాతి చెట్లు ఉన్నాయి. కొండవాళ్ళు గొర్రెల మీద సరుకు వేసుకొని టిబెట్టుతో వర్తకం చేసేవారు. చోమాను అక్కడికి రప్పించినది పండ్లు కాదు, పుస్తకాలు. బుద్ధవచనమని టిబెటన్లు పూజించే కంజూరు, దానిపై వ్యాఖ్యానాలూ శాస్త్రాలూ అయిన తంజూరు, రెండూ కనం మఠంలో ఉన్నాయి. రెండూ కలిస్తే మూడువందల సంపుటాలకు పైమాటే. సంస్కృతంలో మూలాలు నశించిపోయిన గ్రంథాలెన్నో ఆ అనువాదాలలో బ్రతికి ఉన్నాయి.

1828లో జెరార్డు అనే సైనికవైద్యుడు ఆ కొండలలో మశూచికి టీకాలు వేసే పనిమీద తిరుగుతూ కనం వచ్చాడు. నేను ఇంతకుముందునుంచీ చెబుతున్న ఉత్తరం ఈయనదే, 1829 జనవరిలో విలియం ఫ్రేజరుకు వ్రాసినది. పెద్ద కవి వ్రాసినట్లుండదు గాని, వైద్యుడు గనుక రోగి మంచం చుట్టూ చూసినట్లు అన్నీ చూశాడు. ముఖ్యంగా ఖర్చు లెక్క చూశాడు. నాకు ఆ ఉత్తరమంతటిలో అన్నిటికంటె ఇష్టమైనది ఆ లెక్కే.

నెల జీతం యాభై రూపాయలు. అందులో లామాకు ఇరవై అయిదు. పనివాడికి నాలుగు. ఇంటి అద్దె ఒక రూపాయి. పైన కాగితమూ సిరా. మిగిలిన ఇరవైలోపు రూపాయలతో తిండీ బట్టా. ఆ ఊళ్ళో దొరకని సరుకు రెండువందల మైళ్ళ దూరాన ఉన్న సబాథూ నుంచి రావాలి. ఇంట్లో సామాను రెండు మోటు బల్లలు, అంతకంటె మోటువైన రెండు కుర్చీలు. మిగతా చోటంతా పుస్తకాలు.

ఆ ఇరవై అయిదు రూపాయలను మరొకసారి చూడండి. సరిగ్గా సగం. పండితులను జీతానికి పెట్టుకొని గ్రంథాలు కూర్పించిన దొరలు ఆ కాలంలో చాలామంది ఉన్నారు. సొంత సొమ్ము ధారపోసినవారూ ఉన్నారు. చోమా కనంలో ఉన్న 1829లోనే మన బ్రౌను దొర వేమన పద్యాల ఇంగ్లీషు అనువాదం అచ్చు వేయించాడు. కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి, జీతాలిచ్చి, ప్రతులు పోల్పించి పరిష్కరింపజేశాడు. ఆయన ఋణం మనం తీర్చుకోలేము. కాని బ్రౌను జిల్లా అధికారి, ఆయన బంగళాకు పండితులు వచ్చేవారు. కనంలో తీరు వేరు. అధికారం లేని పరదేశి ఒకడు, ఒక రూపాయి అద్దె యింట్లో, తనకు వచ్చినదానిలో గురువుకు సగం పంచి యిచ్చి, ఆ గురువు ఎదురుగా కూర్చొని నేర్చుకున్నాడు. ఆ మీదట పేరునూ పంచి ముఖపత్రం మీద పెట్టాడు.

లామాను జెరార్డు చక్కగా వర్ణించాడు. చాలా తెలిసినవాడు, ఆ తెలిసిన సంగతి పైకి కనబడనివ్వడు. మెత్తని మాట, అరుదుగా నవ్వే ముఖం, వినయమూ గాంభీర్యమూ. వాటితోపాటు ఒళ్ళంతా వెన్న జిడ్డు అని కూడా వ్రాశాడు. దొరగారి ముక్కుకు అది తట్టకుండా ఉంటుందా!

అసలు కనంలో లామా కూడా పరదేశే. జంస్కారు నుంచి కిన్నౌరుకు రావడమంటే కనుమల మీద కనుమలు దాటడం. కనంలో ఇళ్ళలో మాట్లాడుకొనే పలుకు గ్రంథస్థమైన టిబెటన్ కాదు, వేరే కొండభాష. అంటే ఇంట్లో ఇద్దరు పరదేశులు కూర్చొని, వీధిలో వినబడని భాషకు నిఘంటువు వ్రాస్తున్నారు. ఊరివాళ్ళు వీళ్ళను చూసి ఏమనుకున్నారో! ఏ మతమో తెలియని తెల్లవాడూ, పొరుగుదేశపు వైద్యుడైన లామా ఒకే కప్పు క్రింద ప్రొద్దస్తమానం ఆకులు త్రిప్పుకుంటూ ఉంటే, కట్టెలు మోసుకుపోయే ఆడవాళ్ళు ఒకసారి ఆగి తొంగిచూడకుండా ఉంటారా?

తిండి విషయం. చోమా భోజనమంటే ఇంచుమించు టీయే. మన టీ కాదు. ఇటుకలా అచ్చుకట్టిన టీ ఆకును చాలాసేపు మరిగించి, ఉప్పూ వెన్నా వేసి, నిలువుపాటి కొయ్యగొట్టంలో కవ్వంతో చిలికినట్లు చిలుకుతారు. అది టీ అనడం కంటె చారు అనడమే నయమని జెరార్డు అభిప్రాయం. టీ రుచి మచ్చుకైనా ఉండదు. జిడ్డు, బలం, చేసుకోవడం సులభం. చేసిన ప్రతిసారీ అదే. మంచుదేశానికి ఉద్యోగానికి వెళ్ళిన మనవాళ్ళు మొదటి వారంలో వాకబు చేసేది చింతపండు ఎక్కడ దొరుకుతుందని. నేను ఎరిగిన ప్రవాసులలో దీనికి మినహాయింపు లేదు, నన్నూ కలుపుకొని. నాలుక పుట్టింటిని అంత త్వరగా వదలదు. చోమా రొట్టె కోసమో మాంసం కోసమో అలమటించినట్లు ఎక్కడా లేదు. ఊరు ఏది తాగితే అదే తాగాడు.

చలికాలమంతా కాలినుంచి తలదాకా ఉన్ని చుట్టుకొని బల్ల ముందు కూర్చునేవాడు. ప్రొద్దుటినుంచి రాత్రిదాకా పని. అప్పటికి నలభైవేల మాటలు పోగుచేసి వరుసపెట్టాడని జెరార్డు వ్రాశాడు. అలాంటి చోట మరొకడైతే నిరాశతో క్రుంగిపోయేవాడని కూడా. చోమా ఆయనతో ఒక మాటన్నాడట. వ్యాకరణమూ నిఘంటువూ ప్రభుత్వం చేతికి అప్పగించిన రోజున తనకంటె సుఖమైనవాడు భూమిమీద ఉండడనీ, మాట చెల్లించుకున్న తృప్తితో ప్రాణం విడవవచ్చుననీ. ఆ మాటే ఆయనను నడిపింది. కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు డబ్బు సాయం చేయబోతే వద్దన్నాడు. ప్రభుత్వానికి ఒక మాట ఇచ్చి ఉన్నాడు, రెండో ఋణం ఎందుకు? అభిమానం మితిమీరినదని అనిపించవచ్చు. గూఢచారేమోనని ఆరు నెలలు ఆపివుంచిన చోటునుంచి వచ్చిన మనిషి అభిమానమది.

1830లో విక్టర్ జాక్‌మాన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కనం వచ్చి చోమాను చూశాడు. ఆయన ఉత్తరాలు చమత్కారానికి పేరుపడ్డవి. ఆ చమత్కారం ఈ కొండవాసి మీద కొంత వెటకారంగానే ప్రసరించింది. ఒకే ఇంటికి వైద్యుడూ వెళ్ళాడు, చమత్కారీ వెళ్ళాడు. ఒకరికి ఖర్చు లెక్క కనబడింది, మరొకరికి నవ్వుకొనే విచిత్రం కనబడింది. చరిత్రకు పనికివచ్చినది లెక్కే.

ఆ ఏడాది చివర పని ముగిసింది. చోమా కలకత్తా చేరాడు. 1834లో నిఘంటువూ వ్యాకరణమూ అయిదువందల ప్రతుల చొప్పున అచ్చయినాయి. పాశ్చాత్య దేశాలలో టిబెటన్ విద్యకు అవే పునాది. ఈ లోపల 1833లో కాలచక్ర తంత్రం గురించి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. ఇంగ్లీషు చదువరులకు ఆ పేరు పరిచయం చేసినది అదే. బుద్ధుడు ఆ తంత్రాన్ని ఉపదేశించినట్లు టిబెటన్లు చెప్పుకొనే స్థలం శ్రీధాన్యకటకం, అంటే మన అమరావతి. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున చేరిన లదాఖ్, కిన్నౌర్ యాత్రికులను చూసి ఆశ్చర్యపోయినవారు ఉన్నారు. మన ఊరి పేరు ఆ కొండల మఠాలలో వందల ఏళ్ళుగా నిత్యం వినబడుతున్నదే. ఆ ఆకులు కనంలో ఒక హంగేరీవాడు చేతులు చలికి కొంకర్లు పోతూండగా త్రిప్పాడు.

చోమాను తపస్వి అనడంలో నా పేచీ ఏమిటో చెప్పడానికి కనం కాక మరొక ఊరి సంగతి కావాలి. 1836-37లో ఆయన సంస్కృతం, బెంగాలీ బాగా పట్టుబడాలని ఉత్తర బెంగాలులోని తితాలియాకు వెళ్ళాడు. అది కొండ కాదు, చలి లేదు. అక్కడి మేజర్ లాయిడ్ తన ఇంట్లో ఉండమన్నాడు. చోమా ఒప్పుకోలేదు. దొర ఇంట్లో తింటూ ఉంటే ఊరివాళ్ళు తనతో చనువుగా మాట్లాడరు, ఆ చనువు లేకపోతే భాష రాదు అన్నాడు. లాయిడ్ చేసేదిలేక ఒక మామూలు నాటు గుడిసె చూసి పెట్టాడు. పనివాడికి నెలకు మూడు నాలుగు రూపాయలు, తన తిండికి మరో నాలుగు. లాయిడ్‌కు అది పెద్ద కష్టంగా కనబడింది. చోమాకు అది పని చేసే పద్ధతి.

ఈ ఒక్క సంగతి తెలిసిన తరువాత జంగ్లా గది నాకు వేరేగా కనబడుతుంది. శరీరాన్ని శిక్షించుకోవడానికి కూర్చున్న గది కాదది. లామా ఎక్కడ ఉంటే అక్కడ, లామా ఎలా ఉంటే అలా ఉండడం. నిప్పున్న మరొక గది ఆ ఊళ్ళో ఉండివుంటే ముగ్గురూ అక్కడే కూర్చునేవారు. కష్టాన్ని కోరి తెచ్చుకోలేదు, కష్టం అడ్డువచ్చిందని భాషను మానుకోలేదు, అంతే.

జంగ్లాలోని ఆ పాత కోట శిథిలమై పడిపోతూ ఉంటే 2008 ప్రాంతంనుంచి హంగేరీ స్వచ్ఛంద సేవకులు వచ్చి బాగుచేస్తున్నారు. ఆయన ఉన్న గదిని నిలబెట్టడంతో ఆగకుండా, ఊరి పిల్లలకు ఎండవేడిమితో వెచ్చగా ఉండే బడి ఒకటి కట్టించారు. విగ్రహం పెట్టి పోలేదు.

1842లో లాసా వెళ్ళాలని చోమా మళ్ళీ బయలుదేరాడు. వయస్సు యాభై ఎనిమిది. తెరాయి అడవులలో జ్వరం తగిలింది. మార్చి 24న డార్జిలింగు చేరాడు, ఏప్రిల్ 11న చనిపోయాడు. సమాధి అక్కడే ఉన్నది. కడపటి రోజులలో దగ్గరున్న అధికారి డాక్టరు క్యాంప్‌బెల్, ఆయన వెంట ఉన్న సామాను జాబితా వ్రాశాడు. నాలుగు పెట్టెలు, పుస్తకాలూ కాగితాలూ. ఎప్పుడూ వేసుకొనే నీలం దుస్తులు, చనిపోయినప్పుడు ఒంటిమీద ఉన్నవి అవే. కొన్ని చొక్కాలు. వంటకు ఒక గిన్నె. ఆహారం ఉడికించిన అన్నం, అదీ కొద్దిగానే, ఇంకా టీ. టీ అంటే ఆయనకు చాలా ఇష్టమని కూడా క్యాంప్‌బెల్ వ్రాశాడు.